భూకంపాల మీద పీహెచ్‌డీ: చెన్నైలో చేయాలా, హైదరాబాద్ వెళ్లాలా, విదేశం పోవాలా?

భూకంపాల మీద రీసెర్చ్ చేస్తానని ఎవరైనా వచ్చి చెబితే నేను ముందు ఒకటే అడుగుతాను. "నీకు కావలసిన డేటా ఎవరి దగ్గర ఉంది?" చాలామంది ఈ ప్రశ్నకు తెల్లబోతారు. కాలేజీ పేరు, ర్యాంకు, స్టైపెండ్ అన్నీ ఆలోచించుకునే వస్తారు. ఐదేళ్లు ఏ రికార్డుల మీద, ఏ పరికరాల మీద పని చేయబోతున్నారో అవి ఎవరి చేతిలో ఉన్నాయో మాత్రం చూసుకోరు. నేనూ చూసుకోలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేం అడయార్‌లో ఉంటాం. మా కింది ఫ్లాట్‌లో నెల్లూరు వాళ్లు. వాళ్లబ్బాయి సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, భూకంపాల వైపు ఎలా వెళ్లాలో చెప్పమని పోయిన నెల వచ్చి కూర్చున్నాడు. అదే వారంలో విశాఖ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్, చివరి సెమిస్టర్. "అక్కా, పీహెచ్‌డీకి చెన్నై వచ్చేయమంటావా?" అని అడిగింది. అబ్బాయిని చెన్నై వదలొద్దన్నాను. మా చెల్లిని చెన్నై రావద్దన్నాను. ఎందుకో వివరంగా రాస్తే ఇదే ఆలోచనలో ఉన్న మిగతా పిల్లలకూ పనికొస్తుంది.

నేల కింద పనా, నేల మీద పనా

భూకంప శాస్త్రం అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ లోపల రెండు వేరు వేరు వృత్తులున్నాయి. మొదటిది సీస్మాలజీ. భూమి లోపల రాయి ఎక్కడ పగిలింది, ఎంత మేర జారింది, అలలు ఏయే పొరలు దాటి వచ్చాయి, అక్కడ ఒత్తిడి ఎంత వేగంగా పేరుకుంటోంది అనేవి దీని ప్రశ్నలు. ఫిజిక్స్, గణితం, జియాలజీ పునాది. రోజువారీ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే గడుస్తుంది. రికార్డులో ముందుగా చేరే పీ అల ఎక్కడ మొదలైంది, దాని వెనక వచ్చే ఎస్ అల ఎక్కడ మొదలైంది గుర్తించాలి. ఈ పనికి ఇప్పుడు ఫేజ్‌నెట్ లాంటి మెషీన్ లెర్నింగ్ పద్ధతులు వచ్చాయి, కానీ అది తప్పు చేసినప్పుడు పట్టుకోవాల్సింది మనమే. ఏడాదిలో కొన్ని వారాలు ఫీల్డు ఉంటుంది. గొయ్యి తవ్వి, నేల కదలికను రికార్డు చేసే సీస్మోమీటర్ పెట్టడం, సోలార్ ప్యానెల్ బిగించడం, దాన్ని ఎవరూ కదపకుండా ఊరి పెద్దలతో మాట్లాడి రావడం.

రెండోది ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్. నేల ఊగినప్పుడు పైనున్న కట్టడం ఏమవుతుందన్నది దీని ప్రశ్న. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలా వరకు కింది అంతస్తులో గోడలు లేకుండా, స్తంభాల మీద నిలబెట్టి, ఆ ఖాళీని పార్కింగ్‌కు వదిలినవే. చెన్నైలో ఏ వీధిలోకి వెళ్లినా అలాంటి బిల్డింగులే కనిపిస్తాయి. మాదీ అంతే. ఆ అబ్బాయి మా ఇంట్లో కూర్చుని అడిగిన మొదటి మాట, "మన బిల్డింగ్ తట్టుకుంటుందా అక్కా?" అని. మా చెల్లి ఎప్పుడూ ఆ మాట అడగలేదు. చిన్నప్పటి నుంచి దాని ప్రశ్న ఒకటే: "అసలు అక్కడే ఎందుకొచ్చింది?" వీళ్లిద్దరికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఈ రెంటికీ మధ్య ఒక సన్నని దారి ఉంది, నేను నడిచేది అదే. ఫలానా చోట డ్యామో, రేవో, గ్యాస్ టెర్మినలో కట్టాలంటే అక్కడి నేల గరిష్ఠంగా ఎంత ఊగవచ్చో లెక్కకట్టి ఇవ్వడం. దీన్ని సీస్మిక్ హజార్డ్ అనాలిసిస్ అంటాం. సీస్మాలజీ వాళ్లూ ఇటు రావచ్చు, సివిల్ వాళ్లూ రావచ్చు.

మన వైపు అసలు చిక్కు

మాది ఒంగోలు. 1967 మార్చిలో మా ఊళ్లో 5.4 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది. మా నాయనమ్మ దాని గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ చేత్తో గోడ పట్టుకున్నట్టు చూపిస్తుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో వచ్చినది వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2001 సెప్టెంబర్ 25న పాండిచ్చేరి దగ్గర సముద్రంలో వచ్చినప్పుడు చెన్నై వాళ్లు రాత్రి రోడ్ల మీదికి పరిగెత్తారు. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 వచ్చి హైదరాబాద్ దాకా తెలిసింది. దాదాపు అరవై ఏళ్లలో మనవాళ్లు గుర్తుపెట్టుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

జనానికి ఇది మంచి మాటే. రీసెర్చ్ చేసేవాళ్లకు మాత్రం కష్టం. పెద్ద భూకంపాన్ని దగ్గర నుంచి పట్టిన రికార్డులు దక్షిణాదిలో చాలా తక్కువ. అందుకే ఎస్.టి.జి. రఘుకాంత్, ఆర్.ఎన్. అయ్యంగార్ 2007లో ద్వీపకల్ప భారతానికి నేల కదలికను అంచనా వేసే సమీకరణాలు ప్రచురించినప్పుడు కంప్యూటర్‌లో పుట్టించిన కృత్రిమ రికార్డుల మీద ఆధారపడాల్సి వచ్చింది. జపాన్‌లో ఈ బాధ లేదు. 1995 కోబె భూకంపం తర్వాత దేశమంతా పరిచిన కే-నెట్ స్టేషన్ల రికార్డులను పేరు నమోదు చేసుకుని ఎవరైనా దించుకోవచ్చు. మన దేశంలో చాలా నెట్‌వర్కుల రికార్డులు బయటి విద్యార్థికి అంత తేలిగ్గా చేతికి రావు.

నా సంగతి చెబుతాను. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు కొత్తగా ఇరవై స్టేషన్లు పెడుతున్నాం, ఆ డేటా నీదే అన్నారు. పరికరాల కొనుగోలు ఫైలు కదలడానికే ఏడాది పట్టింది. వచ్చాక స్థలాల అనుమతులు. రెండో ఏడాది చివర్లో నా చేతిలో ఉన్నది ఐదు స్టేషన్ల రికార్డు, అందులో రెండింటి గడియారాలు తప్పు చూపించాయి. ఆ టెన్షన్‌లో నిద్రపట్టేది కాదు. చివరికి బయట దొరికే డేటాతో టాపిక్ మార్చుకుని గట్టెక్కాను. కానీ రెండేళ్లు పోయాయి. "పెట్టబోయే" స్టేషన్లను నమ్మి ఎవరూ చేరకండి. ఇప్పటికే డిస్కులో ఉన్న డేటాను చూపించమనండి. అడగడానికి మొహమాటపడకండి.

చెన్నై: కట్టడాల వైపు వెళ్లేవాళ్లకు

ఇంజనీరింగ్ వైపు వాళ్లకు డేటా అంటే తాము చేసే ప్రయోగమే. అందుకే ఆ అబ్బాయిని ఇక్కడే ఉండమన్నాను. తరమణిలోని సీఎస్‌ఐఆర్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్‌లో షేక్ టేబుల్ ఉంది. బిల్డింగ్ నమూనాను దాని మీద నిలబెట్టి, నిజంగా రికార్డయిన భూకంపం కదలికనే దానికి ఇచ్చి ఊపుతారు. పగుళ్లు ఎక్కడ మొదలవుతాయో కళ్లతో చూడవచ్చు. పీహెచ్‌డీ డిగ్రీ ఏసీఎస్‌ఐఆర్ (అకాడమీ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇన్నోవేటివ్ రీసెర్చ్) పేరు మీద వస్తుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: టేబుల్ మీద నా నమూనాకు ఎప్పుడు చోటు దొరుకుతుంది, నమూనా కట్టడానికి డబ్బు ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది? ఒక్క నమూనా పోతపోసి, ఆరబెట్టి, సెన్సర్లు అతికించి, పరీక్షించేసరికి నెలలు గడుస్తాయి. అది తప్పితే మళ్లీ మొదటికే.

ఐఐటీ మద్రాసు సివిల్ విభాగంలో మూడు రకాల పనీ ఉంది: కట్టడాలు, నేల, ఇంజనీరింగ్ సీస్మాలజీ. చెన్నై నేల ఒక తీరుగా ఉండదు. కొన్ని పేటల్లో రాయి పైకే తగులుతుంది, కొన్ని చోట్ల మెత్తటి బంకమన్ను లోతుగా ఉంటుంది. మెత్తటి నేల ఊపును పెంచుతుంది కాబట్టి, ఏ పేటలో ఎంత పెరుగుతుందన్నది మంచి పరిశోధన. 2002లో మన భూకంప కోడ్ ఐఎస్ 1893ని సవరించినప్పుడు చెన్నైని రెండో జోన్ నుంచి, ప్రమాదం ఇంకాస్త ఎక్కువుండే మూడో జోన్‌కు మార్చారు. అంతకు ముందు కట్టిన ఇళ్లలో ఈరోజుకీ లక్షల మంది ఉంటున్నారు. వాటిని తక్కువ ఖర్చుతో ఎలా బలపరచాలన్న దాని మీద పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నా చాలరు. నా మనసులో మాట చెప్పాలంటే, ఈ నగరంలో భూకంపాల మీద చేయదగిన పనుల్లో దీన్ని మించినది లేదు.

కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రంలో రియాక్టర్ భాగాలు భూకంపాన్ని ఎలా తట్టుకుంటాయన్న దాని మీద పని జరుగుతుంది, డిగ్రీ హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఇస్తుంది. 2004 డిసెంబర్ 26 సునామీ నీళ్లు కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం పంప్‌హౌస్‌లోకి వచ్చాయి, రియాక్టర్‌ను క్షేమంగా ఆపారు. ఈ రంగంలో నిబంధనలు ఎక్కువ, పేపర్లు ప్రచురించడానికి అనుమతులు పడతాయి, కానీ ఉద్యోగ భద్రత బాగుంటుంది. సునామీ మీద ఆసక్తి ఉంటే పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ ఉంది. సముద్రంలో తేలుతూ సునామీని పసిగట్టే బోయ్‌లు నడిపే పని వీళ్లది. అన్నా యూనివర్సిటీలో ఫీజు తక్కువ, కానీ గైడ్‌ను బట్టి అనుభవం చాలా మారిపోతుంది.

సీస్మాలజీకి హైదరాబాద్

మా చెల్లికి నేను చెప్పిన మొదటి పేరు ఎన్‌జీఆర్‌ఐ. 1961 నుంచి హైదరాబాద్‌లో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. మహారాష్ట్రలోని కొయనా రిజర్వాయర్ నీళ్ల ఒత్తిడితో మొదలైన భూకంపాల మీద అక్కడివాళ్లు దశాబ్దాలుగా పని చేస్తున్నారు. 1967 డిసెంబర్ 11న అక్కడ 6.3 వచ్చింది, చిన్నవి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అంత చిన్న ప్రాంతంలో, అంత కాలంగా, అంత క్రమంగా భూకంపాలు వచ్చే చోటు ప్రపంచంలోనే అరుదు. అంటే డేటా ఉంది, ఇంకా వస్తోంది. హిమాలయాల రికార్డులూ ఉన్నాయి. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుపుతున్న ఇన్‌కాయిస్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. సివిల్ వాళ్లు హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే ఐఐఐటీలో ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఉంది.

బెంగళూరుది వేరే బలం. ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ ఎర్త్ సైన్సెస్ ఉంది, సివిల్ విభాగంలో మైక్రోజోనేషన్ పని, అంటే నగరంలో ఏ పేటలో నేల ఎంత ఊగుతుందో విడదీసి చూపే పని, చాలా కాలంగా సాగుతోంది. ఆ క్యాంపస్‌లోని జీపీఎస్ స్టేషన్, హైదరాబాద్‌లోని ఇంకొకటి అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో భాగాలు. భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదులుతోందని, అందులో 2 సెంటీమీటర్ల దాకా హిమాలయాల కింద ఒత్తిడిగా మారుతోందని మనకు చెప్పేది ఇలాంటి కొలతలే. నేల మెల్లగా ఎలా వంగుతోందో కొలవడం ఇష్టమైతే బెంగళూరు చూడండి.

శాటిలైట్ రాడార్ పనికి ఊరు అడ్డు కాదు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహం డేటా ఉచితం. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల ఉపగ్రహం నైసార్ పనుల్లో నేల కదలికలను కొలవడం కూడా ఒకటి. గైడ్ మంచివారైతే ఇది ఏ ఊళ్లో ఉన్నా చేయవచ్చు. ఇక ఉత్తరాదిలో రూర్కీ ఐఐటీకి ప్రత్యేకంగా ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్ విభాగమే ఉంది, డెహ్రాడూన్‌లో వాడియా సంస్థ హిమాలయాల గడప మీదే ఉంది, గాంధీనగర్‌లో సీస్మాలజీ పరిశోధన సంస్థ ఐఎస్ఆర్ కచ్ ప్రాంతాన్ని చూస్తుంది. కొండల్లో తిరగడం ఇష్టమైన వాళ్లకు వాడియాను మించినది లేదంటాను.

విదేశం ఎప్పుడు, ఎందుకు

విదేశం వెళ్లడానికి నాకు సరైన కారణంగా తోచేది ఒక్కటే: మీ ప్రశ్నకు కావలసిన రికార్డులు, వాటిని చదవడం తెలిసిన మనుషులు అక్కడ ఉండటం. సముద్రగర్భ భూకంపాలంటే జపాన్, సుమత్రా పగులంటే సింగపూర్‌లోని ఎర్త్ అబ్జర్వేటరీ, శాన్ ఆండ్రియాస్ అంటే కాలిఫోర్నియా. అమెరికాలో ఐదేళ్లు పడుతుంది, టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) లేదా రీసెర్చ్ అసిస్టెంట్ (ఆర్ఏ) పని కింద ఫీజు, జీవనభృతి వాళ్లే ఇస్తారు, దరఖాస్తులు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో ముగుస్తాయి. మన ఎమ్మెస్సీ పిల్లలు ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటారు, అప్పటికి ఏడాది పోయినట్టే. సెప్టెంబర్‌లోనే ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాయడం మొదలుపెట్టాలి. "డియర్ సర్, ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ సీస్మాలజీ" అని యాభై మందికి ఒకటే మెయిల్ పంపితే జవాబు రాదు. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో అర్థం కాని ఒక్క విషయం అడిగితే వస్తుంది.

జర్మనీలో పీహెచ్‌డీ విద్యార్థిని ఉద్యోగిగా తీసుకుంటారు, సాధారణంగా మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, కానీ ముందే మాస్టర్స్ ఉండాలి, టాపిక్ ముందే ఖరారై ఉంటుంది. యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు మన వాళ్లకు బాగా సరిపోతాయి. చేరబోయే దేశంలో అంతకు ముందు మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదన్నది వాటి నియమం. ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు అది అనుకూలమే.

ఫెలోషిప్ సంగతి

ఇంటి పరిస్థితి చూసుకోకుండా పీహెచ్‌డీ గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. హాస్టల్‌లో ఉంటే ఇంటికి కొంత పంపగలరు. అప్పులున్న ఇంటికి ఆధారం కావాలంటే మాత్రం చాలదు.

ఇక్కడ ఒక తేడా చాలామందికి చేరాక గానీ తెలియదు. మీరే నెట్ పరీక్ష రాసి తెచ్చుకున్న జేఆర్‌ఎఫ్ మీ సొంతం. గైడ్‌తో కుదరకపోతే నియమాల ప్రకారం వేరే చోటికి తీసుకెళ్లే వీలుంటుంది. ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ ఆ ప్రాజెక్టుది. అది ముగిస్తే డబ్బూ ఆగుతుంది, పని కూడా ప్రాజెక్టు చెప్పినదే చేయాలి. ఐఐటీలో ఇచ్చే అసిస్టెంట్‌షిప్‌కు బదులుగా తరగతులు, ల్యాబులు చూసుకోవాలి. అందుకే ఒక ఏడాది ఆగైనా సరే సొంత ఫెలోషిప్ తెచ్చుకోమంటాను. జియోఫిజిక్స్, జియాలజీ వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపర్ ఉంది. గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ (జీజీ) పేపర్ ఉంది, అందులో జియోఫిజిక్స్ భాగం ఎంచుకోవచ్చు. సివిల్ వాళ్లకు గేట్ సీఈ.

చదువయ్యాక

అందరూ పీహెచ్‌డీ చేయాల్సిన పని లేదు. ఇరవై అయిదో ఏట ఉద్యోగం తప్పనిసరి అయితే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయండి. జియోఫిజిసిస్టుగా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ)లో గ్రూప్ ఏ ఉద్యోగం వస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లూ అర్హులే, ఈ సంగతి తెలియక వదిలేసేవాళ్లు ఎందరో. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ, ఎన్‌జీఆర్‌ఐ, అణుశక్తి సంస్థలు, యూనివర్సిటీలు ఉన్నాయి కానీ ఖాళీలు క్రమంగా పడవు. రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్‌గా, అంటే తాత్కాలిక పరిశోధకులుగా, తిరగడానికి సిద్ధపడాలి.

ప్రైవేటులో రెండు దారులు నాకు దగ్గర నుంచి తెలుసు. ఒకటి నేనున్న కన్సల్టెన్సీ పని. రెండోది ఇన్సూరెన్స్ వాళ్ల క్యాటస్ట్రఫీ మోడలింగ్: ఒక నగరంలో పెద్ద భూకంపం వస్తే నష్టం ఎంతన్నది లెక్కకట్టడం. బెంగళూరులో స్విస్ రీ, హైదరాబాద్‌లో వెరిస్క్ లాంటి కంపెనీలున్నాయి. దీనికి కోడింగ్, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. ఉచితంగా దొరికే ఓపెన్‌క్వేక్ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఒక జిల్లాకు లెక్క చేసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో డిగ్రీ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఎక్కడ చేరినా, సంతకం పెట్టే ముందు ఆ ల్యాబ్‌లో నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థితో విడిగా ఒక పూట గడపండి. డేటా ఎప్పుడు చేతికొచ్చింది, మొదటి పేపర్ ఎప్పుడు వచ్చింది, గైడ్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు, అంతకు ముందు చేరినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో కనిపించని సంగతులు ఆ ఒక్క పూటలో తెలుస్తాయి.

నెల్లూరు అబ్బాయి గేట్‌కు చదువుతున్నాడు. శనివారాలు నాతో వచ్చి మా వీధిలో బిల్డింగుల కింది అంతస్తుల ఫొటోలు తీసి, స్తంభాల కొలతలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. మా చెల్లికి ఇంకో పని పెట్టాను. హైదరాబాద్ స్టేషన్ హెచ్‌వైబీ ఫ్రాన్స్ వాళ్ల జియోస్కోప్ నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి దాని రికార్డులు ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. ఒక హిందూకుష్ భూకంపం తీసుకుని పీ అలను గుర్తించి పంపమన్నాను. మొన్న రాత్రి ఒంటిగంటకు బొమ్మ పంపింది. పీ దగ్గర ఎర్రగీత సరిగ్గానే గీసింది. దాని తర్వాత కాస్త దూరంలో ఇంకో చిన్న ఊపు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇదేంటక్కా? ఎస్ రావడానికి ఇంకా టైమ్ ఉంది కదా" అని రాసింది. భూకంపం లోతుగా వచ్చినప్పుడు ముందు పైకి వెళ్లి, నేల ఉపరితలానికి తగిలి, తిరిగి కిందికి దిగి వచ్చిన అల అది. ఆ రెండింటి మధ్య సెకన్లు లెక్కపెడితే భూకంపం ఎంత లోతులో పుట్టిందో తెలుస్తుంది. లెక్కపెట్టి పంపమని రాశాను.